లేచిన బండిని నమ్మరాదు

ఈ నెల మేము కారు సంగతి వ్రాయబోతున్నాము. కారు లేనివారు పేజీ త్రిప్పివేయవద్దని మనవి. మాకూ కారు లేదు. ఆఫీసుకు పోవడానికి సైకిలు, చుట్టాల ఇళ్లకు పోవడానికి ఒక పాత స్కూటరు, ఇంతే మా వాహన సంపద. ఐనా ఈ సంగతి వ్రాయక తప్పదు. ఎందుకో చివరకు తెలియగలదు.

మన యానాం పరిపాలన 1954 నవంబరు 1న మన దేశానికి అప్పగింపబడినది. ఆ ఒప్పందము చట్టరీత్యా అమలులోకి వచ్చినది మాత్రము 1962 ఆగస్టు 16న. ఫ్రెంచి పౌరసత్వము కోరుకొనేవారికి అప్పుడు ఆరు నెలల గడువు ఇచ్చినారు. ఆ గడువులో సంతకము పెట్టిన ఇళ్లలో మా మేనత్తగారి అత్తవారిల్లు ఒకటి. ఆ విధముగా మా మేనత్త కొడుకు, అనగా మా బావ, పారిసు నగరానికి వెలుపల ఒక చిన్న ఊరిలో కాపురమున్నాడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఫ్రెంచి. పండుగనాడు మాత్రము పులిహోర, పూతరేకులు.

2019 మే నెలలో బావ పెద్దకూతురి పెండ్లికి మేము సకుటుంబముగా వెళ్లినాము. ఆ ఇంటి ముందు చిన్న సిమెంటు వాకిలి, ఆ వాకిలిలో బావ ప్రాణము వంటి ఒక పాత కారు. సిట్రోయెన్ బి.ఎక్స్., 1991 నాటిది. దానిని మెకానిక్కు దగ్గరకు పంపడము బావకు ఇష్టము లేదు. ఆదివారమైతే చాలు, నూనె మరకల చొక్కా తొడుగుకొని దాని క్రిందికి దూరుతాడు. "ఇంట్లో పప్పు మాడినా పట్టదు గాని, ఆ బండి గొంతు మారితే మాత్రము నిద్రలో కూడా వినబడుతుంది" అని అక్కయ్య విసుగుకొనేది.

మేము వెళ్లిన మరునాడు బావ మాకు ఆ కారు విద్య చూపించినాడు. ఇంజను స్టార్టు చేసి, ముందు సీట్ల మధ్యనున్న చిన్న లివరు జరిపినాడు. కారు ముందు కొంత, వెనుక కొంతగా మెల్లగా పైకి లేచినది, పడుకొన్న ఒంటె లేచినట్లు. లివరు వెనుకకు జరిపితే మరల కూర్చున్నది. మా పిల్లలు చప్పట్లు కొట్టినారు. మేము కూడా కొట్టినామని దాచనేల?

ఇందులోని కీలకము ఇది. మామూలు కారు బరువును ఇనుప స్ప్రింగులు మోస్తవి. ఈ రకము కారులో ఆ స్ప్రింగులు లేవు. ప్రతి చక్రము దగ్గర పెద్ద బత్తాయి కాయ వంటి ఇనుప గోళమొకటి ఉంటుంది. దాని నడుమ ఒక రబ్బరు పొర. పొరకు ఒక ప్రక్క నత్రజని వాయువు, రెండవ ప్రక్క ఆయిలు. చక్రము గుంటలో పడి పైకి ఎగిరితే ఆయిలు ఆ పొరను నెట్టుతుంది, వాయువు కుదించుకొని, మరల సాగుతుంది. అదే స్ప్రింగు. ఇంజనుతో తిరిగే పంపు ఒకటి ఈ ఆయిలుకు ఒత్తిడి ఇస్తుంది. బి.ఎక్స్. వంటి బండ్లలో ఆ ఒత్తిడి సుమారు 145 నుండి 170 బార్ల దాకా ఉంటుంది. మన టైర్లలో గాలి రెండు బార్లకు కొంచెము ఎక్కువ. కాబట్టి తేడా ఎంతో చదువరులే లెక్క కట్టుకోవచ్చును.

ఈ ఏర్పాటును రూపొందించినవాడు పాల్ మజెస్ అనే సిట్రోయెన్ ఉద్యోగి. పెద్ద ఇంజనీరింగు పట్టాలు లేకుండా పనిలోనే నేర్చుకొన్నవాడని చదివినప్పుడు, పదవ తరగతితో చదువు ముగించిన మాకు కొంచెము సంతోషము కలిగినది. 1954లో ఒక కారుకు వెనుక చక్రాల వరకు దీనిని అమర్చి చూచినారు. 1955 అక్టోబరులో పారిసు మోటారు ప్రదర్శనలో డి.ఎస్. అనే కారును నాలుగు చక్రాలకూ ఇదే ఏర్పాటుతో ప్రజల ముందు పెట్టినారు. 1962 ఆగస్టు 22న, అనగా మన ఒప్పందము అమలులోకి వచ్చిన ఆరు రోజులకే, పారిసు దగ్గర పెటి క్లమార్ వద్ద అధ్యక్షుడు ద గోల్ మీద కాల్పులు జరిగినవి. టైర్లు పగిలినా ఆయన డి.ఎస్. కారు ఆగక దూసుకొనిపోయి ఆయన బ్రతికి బయటపడినాడు. ఆ తరువాత జి.ఎస్., సి.ఎక్స్., బి.ఎక్స్., ఎక్స్.ఎం., జాంటియా, సి5, సి6 అని అనేక బండ్లు వచ్చి, 2017తో ఈ వంశము ముగిసినది. ఐనా పాతవాటిని ప్రేమించి నడుపుకొనేవారు ఐరోపాలో ఇప్పటికీ ఉన్నారు. వారిలో మా బావ ఒకడు.

ఇక అసలు సంగతి.

పెండ్లి అయిన తరువాతి ఆదివారము. కారు క్రింద పొగగొట్టము బిగింపు వదులై గలగలమంటున్నదని బావ పనికి దిగినాడు. కారును లివరుతో అన్నిటికంటె పై మెట్టుకు లేపినాడు. ఇంజను ఆపినాడు. జాకీ పెట్టలేదు, స్టాండు పెట్టలేదు. "ఐదు నిమిషాల పనికి అంత హంగామా ఎందుకు బావా" అన్నాడు. పనిముట్ల పెట్టె ప్రక్కన పెట్టుకొని వెల్లకిల పడుకొని క్రిందికి దూరినాడు. మేము వాకిలిలో కుర్చీ వేసుకొని కాఫీ త్రాగుతున్నాము.

కాసేపటికి చిన్న సైజు పానా కావలసివచ్చి బావ బయటకు జరిగి, లేచి, షెడ్డులోనికి వెళ్లినాడు. పనిముట్ల పెట్టె కారు క్రిందనే ఉన్నది. బావ చిన్న కొడుకు, పదేండ్ల వాడు, కారులో కూర్చుని ఆడుకొంటున్నాడు. మేము కిటికీలోంచి చూచి, ఏదో మాట కలపడానికి, "ఆ లివరు ఎట్లా జరుపుతారురా, మాకూ చూపించు" అన్నాము.

వాడు చూపించినాడు.

ఇంజను ఆగి ఉన్నది కదా, ఏమీ కాదని మేమనుకొన్నాము. లేవడానికి ఇంజను కావలెను గాని, కూర్చోవడానికి ఇంజనుతో పని లేదు. లివరు క్రింది మెట్టుకు వస్తే ఆయిలు డబ్బాలోనికి తిరిగి వెళ్లే దారి తెరుచుకొంటుంది, బండి తన బరువుకు తానే దిగుతుంది. బుస్సుమని శబ్దము వచ్చినది. కొన్ని క్షణాలలో కారు నేలకు అంటుకొన్నట్లు కూర్చున్నది. పనిముట్ల పెట్టె ఇనుప మూత కర్రుమని లోపలికి వంగినది. పిల్లవాడు సంతోషముతో, "మామయ్యా, చూచినావా, కూర్చుంది!" అన్నాడు.

బావ పానా పట్టుకొని షెడ్డు గుమ్మము దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక మాట కూడా మాట్లాడలేదు. వచ్చి, వంగి చూచి, పెట్టె ఎక్కడున్నదో చూచి, అక్కడే నేల మీద కూర్చున్నాడు. అంతకు రెండు నిమిషాల ముందు ఆ పెట్టె ప్రక్కనే అతని గుండె ఉన్నది.

బావ పిల్లవాడిని ఏమీ అనలేదు. తప్పు నాదేనన్నాడు. పిల్లవాడికి తరువాత ఎవరో చెప్పగా అర్థమై, రాత్రి అన్నము తినలేదు. లివరు జరపమన్నది మేమేనని ఆ రాత్రి మేము నోరు విప్పలేదు. మూడవనాడు చెప్పినాము. బావ చాలాసేపు మా ముఖము చూచి, "పిల్లవాడితో ఆ మాట నీవే చెప్పు బావా, వాడు తానే తండ్రిని చంపబోయినానని అనుకొంటున్నాడు" అన్నాడు. వెళ్లి చెప్పినాము. ఇరువది ఏండ్ల ఉద్యోగములో పై అధికారుల ముందు ఎన్నో సంజాయిషీలు వ్రాసినాము గాని, ఒక పదేండ్ల పిల్లవాడి ముందు చెప్పిన సంజాయిషీ అంత కష్టమైనది మరొకటి లేదు.

మాకు తెలియనిది కూడా కాదు. కొన్నేండ్ల క్రిందట మా వీధిలో ఒక కుర్రవాడు లారీ క్రింద పని చేస్తుండగా జాకీ జారి పోయినాడు. పరిహారము కొరకు అతని భార్య అర్జీ వ్రాసియిచ్చినది మేమే. చంకలో బిడ్డతో ఆమె మా ఇంటి అరుగు మీద కూర్చుని వేలిముద్ర వేసినది. ఐనా ఒక ఆదివారపు కబురులో అదంతా మరచినాము. అందుకే ఈ వ్యాసము.

తరువాత బావ ఆ కారు పుస్తకము బయటకు తీసినాడు. తాను చదివి మాకు తెలుగులో చెప్పినాడు. ఇట్టి కార్లను ఎంతో కాలముగా బాగుచేస్తున్న ఒక వృద్ధ మెకానిక్కును కూడా ఇంటికి పిలిపించి అడిగించినాము. అవన్నీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాము. ఫ్రాన్సులో ఇట్టి బండి ఉన్న బంధువులకు ఈ సంచిక పంపండి. ఐతే ఏ బండికి ఆ బండి పుస్తకమే ప్రమాణమని మరువరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది: లివరుతో లేచిన బండి కేవలము ఆయిలు మీద నిలబడి ఉన్నది. ఇనుము మీద కాదు. పిల్లవాడు లివరు ముట్టినా, ఒక పైపు చిట్లినా, ఒక బిగింపు మనమే వదులు చేసినా ఆ ఆయిలు పోతుంది, టన్ను బరువు దిగుతుంది. ఎవరూ ముట్టకపోయినా పాత బండ్లు ఇంజను ఆగిన తరువాత మెల్లమెల్లగా క్రుంగుతవి. కొన్ని జాంటియాలలో ఆ క్రుంగుదలను ఆపే కవాటమున్నది. దానిని చూచుకొని కూడా క్రిందికి పోరాదు. అది బండి అందముగా నిలబడడానికేగాని, మన ప్రాణము కాయడానికి కాదు. చేయి పెట్టడము కూడా పనికిరాదు.

ఇక లేపే పద్ధతి. నేల చదునుగా, గట్టిగా ఉండవలెను. మట్టి, గులకరాళ్లు పనికిరావు. ఇంజను నడపవలసి ఉన్నది కాబట్టి మూసిన షెడ్డులో వద్దు, పొగ ప్రాణాంతకము. గేరు వేసి, చేతి బ్రేకు వేయండి. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. చాలా కార్లలో చేతి బ్రేకు వెనుక చక్రాలను పట్టుతుంది. డి.ఎస్. మొదలు జాంటియా వరకు ఈ బండ్లలో అది ముందు చక్రాలను పట్టుతుంది. ముందు చక్రాలు గాలిలోకి లేవగానే ఆ బ్రేకు ఉన్నా లేనట్లే. గేరు కూడా ముందు చక్రాలకే కాబట్టి అదీ లేనట్లే. అందుచేత నేల మీద మిగిలిన వెనుక చక్రాలకు రెండు ప్రక్కలా చెక్క దిమ్మలు బిగించి అడ్డు పెట్టవలెను. వెనుక లేపినప్పుడు ముందు చక్రాలకు అట్లే చేయవలెను.

అడ్డు పెట్టిన పిమ్మట లివరును పై మెట్టుకు జరిపి, బండి పూర్తిగా లేచువరకు ఆగి, ఇంజను ఆపండి. అప్పుడు జాకీని పుస్తకములో గుర్తు చూపిన చోటనే పెట్టండి. క్రింద సన్నని ఆయిలు పైపులు పోతుంటవి, పలుచని రేకు ఉంటుంది. కనబడిన చోటనెల్లా జాకీ పెడితే రేకు లోపలికి పోతుంది, పైపు నలుగుతుంది. జాకీతో లేపి, రెండు వైపులా బరువుకు తగిన ఇనుప స్టాండ్లు పెట్టి, బరువును స్టాండ్ల మీదికి దింపండి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు ఎన్నడూ వద్దు. అవి చెప్పకుండా పగులుతవి. జాకీ లేపడానికే, మోయడానికి స్టాండు. ఈ మాట ఏ కారుకైనా, లారీకైనా, ఆటోకైనా వర్తిస్తుంది.

స్టాండ్లు పెట్టినాక లివరును క్రింది మెట్టుకు దించవలెను. మిగిలిన ఒత్తిడి పోతుంది. అప్పుడు రెండవ కొన, నేల మీద ఉన్నది, క్రిందికి కూర్చుంటుంది. దానితో బండి స్టాండ్ల మీద కొంచెము వాలుతుంది. ఆ సమయములో అందరూ దూరముగా ఉండవలెను. అది కూర్చున్నాక స్టాండ్లు నిటారుగా ఉన్నవా లేవా అని మరల చూచి, అవసరమైతే సర్ది, బండిని చేతులతో బలముగా ఊపి చూడండి. పడేదైతే మీరు బయట ఉండగానే పడవలెను. పూర్తిగా క్రింద పడుకొని చేయవలసిన పని ఐతే నాలుగు మూలలా స్టాండ్లు పెట్టడమే మంచిది. విప్పిన చక్రమును బండి అంచు క్రిందికి త్రోసి ఉంచితే మరొక కావలి.

జాకీ మీద బండి ఉండగా ఇంజను నడపరాదని కూడా చెప్పినారు. కారణము వినండి. ఎత్తు ఎంతున్నదో కొలిచే ఒక పరికరము ముందొకటి, వెనుకొకటి ఉన్నవి. జాకీతో మనము లేపగానే చక్రము వ్రేలాడుతుంది. ఆ పరికరము 'బండి మరీ ఎత్తు లేచినది' అని లెక్క వేసి ఆయిలు వదిలివేస్తుంది. మనము ఒక లెక్క వ్రాస్తే అది మరొక లెక్క సరిచేస్తుందన్నమాట. సి5 వంటి తరువాతి బండ్లలో పంపు ఎలక్ట్రిక్ మోటారుతో నడుస్తుంది, దానికి ఇంజనుతో పని లేదు. అక్కడ ఇంకా జాగ్రత్త.

పైపు గాని, గోళము గాని విప్పవలసివస్తే ముందు ఒత్తిడి అంతా తీయవలెను. ఇంజను ఆపి, లివరు క్రింది మెట్టుకు దించి, ఒత్తిడి రెగ్యులేటరు మీది విడుదల స్క్రూను ఒక చుట్టు వదులు చేయవలెను. పూర్తిగా ఊడదీయరాదు. కారుతున్న చోటును వేలితో వెదకరాదు. ఆ ఒత్తిడిలో సూది మొన వంటి ధార చర్మములోనికి దూరుతుంది. పైకి చిన్న చుక్క వలె కనబడినా లోపల కండ చెడుతుంది. అట్లా జరిగితే ఇంటి వైద్యము వద్దు, వెంటనే ఆసుపత్రికి పోవలెను. బి.ఎక్స్., జాంటియా వంటి బండ్లలో పోసే ఆయిలు ఆకుపచ్చనిది, ఎల్.హెచ్.ఎం. అంటారు. మొదటి కాలపు డి.ఎస్.లలో ఎర్రనిది, సి5లో నారింజ రంగుది. ఒకదానిలో మరొకటి పోసినా, అంగడిలో దొరికే మామూలు బ్రేకు ఆయిలు పోసినా రబ్బరు సీళ్లు పాడైపోతవి.

పని ముగిసినాక కూడా తొందర పనికిరాదు. ఈ బండ్లలో బ్రేకులకు కూడా ఇదే ఒత్తిడి. ఒత్తిడి తీసిన బండికి కాలి బ్రేకు నమ్మకము లేదు. వదులు చేసిన స్క్రూ బిగించి, పనిముట్లు లెక్క చూచి, స్టాండ్లు తీసి, క్రింద ఎవరూ లేరని వంగి చూచి, అప్పుడు ఇంజను స్టార్టు చేయవలెను. ఎర్ర దీపము ఆరి, బండి తన ఎత్తుకు లేచి, బ్రేకు నొక్కి చూచినాకనే చక్కలు తీయవలెను.

సోదరీమణులకు ప్రత్యేకముగా ఒక మాట. మగవాడు బండి క్రింద ఉన్నప్పుడు పైన ఉండేది మీరే. తాళము చెవి అతని జేబులో గాని, మీ కొంగు ముడిలో గాని ఉండవలెను. తలుపులు తాళము వేయించండి. పిల్లలను, మా వంటి చుట్టాలను దూరముగా కూర్చోబెట్టండి. మధ్య మధ్య పలకరిస్తూ ఉండండి. మా అక్కయ్య ఇప్పుడు స్టాండ్లు కంటితో చూడనిదే బావను వాకిలిలోనికి పోనివ్వదు.

మన దేశములో ఉన్నవారికి ఒక చిన్న సందేహ నివృత్తి. 2021లో సిట్రోయెన్ వారు మన దేశములో సి5 ఎయిర్‌క్రాస్ అనే కారును విడుదల చేసినారు. దానికి తమిళనాడులోని తిరువళ్లూరు కర్మాగారములో రూపు ఇచ్చినారు. దానిలో ఉన్నవి ఇనుప స్ప్రింగులు, వాటికి ఆయిలు మెత్తలు. ఈ గోళాల ఏర్పాటు కాదు. లివరు జరిపితే లేవదు, కూర్చోదు. ఐనా స్టాండు మాట దానికీ తప్పదు.

వంగిన ఆ పెట్టె మూతను బావ సరిచేయించలేదు. షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలించినాడు. పోయిన సంక్రాంతికి ఫోనులో మాట్లాడుతూ పిల్లవాడు, "మామయ్యా, ఇప్పుడు చక్కలు పెట్టే పని నాదే, నాన్న నాకు నేర్పినాడు" అన్నాడు. వాడి గొంతు మారినది. మీసము కూడా వస్తున్నదట.

మీ ఇంట్లో ఎవరైనా ఐదు నిమిషాల పనే కదా అని వట్టి జాకీ మీద ఉన్న బండి క్రిందికి దూరుతుంటే, ఈ పేజీ చదివి వినిపించండి. వినకపోతే కాళ్లు పట్టి బయటకు లాగండి. కోపము వస్తే మా మీద పెట్టుకొమ్మనండి.

ఇంతే సంగతులు.